మొటిమలకు డాక్టరు రాసిన చీటీలోని మాటలు: ఏది దేని గురించి చెబుతోంది?

మీరు రాసింది కుదించి చెబితే సంగతి ఇదీ. మీ అమ్మాయికి 19 ఏళ్లు, ఏడాదిగా ముఖం మీద మొటిమలు. చర్మవ్యాధుల డాక్టరుకు చూపిస్తే చీటీలో "యాక్నే వల్గారిస్, గ్రేడ్ 2, కొమెడోన్స్, పాప్యూల్స్, కొద్దిగా పస్ట్యూల్స్, పీఐహెచ్" అని రాశారు. మందులు రెండే. రాత్రికి అడాపలీన్ 0.1% జెల్, పొద్దున క్లిండమైసిన్, బెంజాయిల్ పెరాక్సైడ్ కలిసిన జెల్. మూడు వారాలు వాడినా తగ్గలేదు సరికదా, కొత్తవి కొన్ని లేచాయి, చర్మం పొట్టు రేగుతోంది. నెట్‌లో వెతికితే నాడ్యూల్స్, సిస్టులు, ఐసోట్రెటినాయిన్, పీసీఓఎస్ అంటూ ఏవేవో కనిపించి కంగారు పట్టుకుంది. మందు ఆపేయాలా అని అడిగారు.

పొట్టు రేగడం, కాస్త మంట, ఇంతవరకే అయితే ఆపకండి. వాడే పద్ధతి కొంచెం మార్చుకుంటే చాలు, అదెలాగో కింద చెబుతాను. చర్మవ్యాధుల వైద్యంలో చాలా ఏళ్లుగా ఉన్నదాన్నిగా చెబుతున్నాను, మీ చీటీలో భయపడాల్సిన మాట ఒక్కటీ లేదు. అయితే ఆ మాటలేం చెబుతున్నాయో తెలియకపోవడం వల్లే చాలామంది మూడో వారంలోనో నాలుగో వారంలోనో మంచి మందును పక్కన పడేస్తారు. మొటిమల చీటీలో కనిపించే ఏ మాటైనా మూడింటిలో ఒకటి చెబుతుంది: గొడవ చర్మంలో ఎంత లోతున ఉంది, అది ఇంకా నడుస్తోందా లేక అయిపోయాక మిగిలిన గుర్తా, దానికి మందు ఎక్కడ పనిచేయాలి. ఈ మూడూ పట్టుకుంటే పెద్ద పెద్ద పేర్లు కూడా చప్పున అర్థమవుతాయి.

యాక్నే వల్గారిస్ అంటే మనం రోజూ చూసే మామూలు మొటిమలే. "వల్గారిస్" అన్న మాట చూసి అదేదో వేరే జబ్బు అనుకోవద్దు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు, ముఖం సరిగ్గా కడుక్కోకపోతే వచ్చేది కూడా కాదు. చర్మంలో ప్రతి వెంట్రుక ఒక సన్నని గొట్టంలోంచి పైకి వస్తుంది. దాన్ని ఫాలికిల్ అంటారు. ఆ గొట్టానికి ఆనుకుని నూనె గ్రంథి ఉంటుంది, అది సెబేషియస్ గ్రంథి. అది వదిలే జిడ్డే సీబమ్. ముఖం, ఛాతీ, వీపు మీద ఈ గ్రంథులు ఎక్కువ, పెద్దవి కూడా. మొటిమలు అక్కడే ఎక్కువగా రావడానికి కారణం అదే.

యుక్తవయసులో ఆండ్రోజెన్ అనే హార్మోన్ల ప్రభావంతో ఈ గ్రంథులు ఎక్కువ జిడ్డు వదులుతాయి. ఆండ్రోజెన్లను మగ హార్మోన్లంటారు గానీ ఆడపిల్లల ఒంట్లోనూ అవి ఉండేవే. అదే సమయంలో గొట్టం లోపలి గోడ నుంచి రాలాల్సిన మృతకణాలు రాలిపోకుండా ఒకదానికొకటి అంటుకుంటాయి. రిపోర్టుల్లో "హైపర్‌కెరటినైజేషన్" అని కనిపించేది ఇదే. జిడ్డూ మృతకణాలూ కలిసి సీసా మూతికి బిరడా బిగించినట్టు గొట్టం నోరు మూసేస్తాయి. లోపల క్యూటిబ్యాక్టీరియం ఆక్నిస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. పాత వ్యాసాల్లో దీన్నే ప్రొపియోనిబ్యాక్టీరియం ఆక్నిస్ అని రాసేవారు, 2016లో పేరు మారింది. రెండు పేర్లు కనిపిస్తే రెండు సూక్ష్మజీవులు అనుకోకండి. ఇది మొటిమలు లేనివాళ్ల చర్మం మీద కూడా ఉండేదే. దానికీ, మూసుకున్న జిడ్డుకూ మన ఒంటి రక్షణ వ్యవస్థ స్పందించడం వల్ల వచ్చే ఎరుపు, వాపు, నొప్పిని కలిపి ఇన్‌ఫ్లమేషన్ అంటారు. జిడ్డు, మూత, బ్యాక్టీరియా, ఇన్‌ఫ్లమేషన్, మొటిమలకిచ్చే ప్రతి మందూ ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని మీదో రెండింటి మీదో పనిచేసేదే.

ఇక కొమెడోన్. మూత పడిన గొట్టమే కొమెడోన్. మూత మీద చర్మం పలచగా కప్పి ఉంటే క్లోజ్డ్ కొమెడోన్, అంటే వైట్‌హెడ్. నోరు తెరుచుకుని ఉంటే ఓపెన్ కొమెడోన్, అంటే బ్లాక్‌హెడ్. బ్లాక్‌హెడ్‌లో ఆ నలుపు మురికి కాదు. మూతలో ఉన్న మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం), గాలి తగిలి రంగు మారిన జిడ్డు కలిసి అలా కనిపిస్తాయి. ఎంత రుద్ది కడిగినా పోదు, పైగా రుద్దితే చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది. వైట్‌హెడ్లు ఎదురుగా చూస్తే కనిపించవు కూడా. మీ అమ్మాయిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వెలుతురు పక్కనుంచి పడేలా చూసుకుని, చెంప చర్మాన్ని రెండు వేళ్లతో నెమ్మదిగా సాగదీయండి. అంతవరకు నున్నగా ఉన్నట్టనిపించిన చోట చర్మం రంగులోనే చిన్న చిన్న బొడిపెలు వరసగా కనిపిస్తాయి. డాక్టరు చీటీలో "కొమెడోన్స్" అని రాసింది వాటిని చూసే. ముక్కు మీద సమానంగా పరుచుకుని ఉండే బూడిదరంగు చుక్కలు మాత్రం చాలాసార్లు కొమెడోన్లు కావు. వాటిని సెబేషియస్ ఫిలమెంట్స్ అంటారు, అందరికీ ఉంటాయి, నొక్కి తీసినా కొన్నాళ్లకు మళ్లీ నిండుతాయి. వాటి వెంట పడకండి.

అసలు ముఖ్యమైన మాట మీ చీటీలో లేదు, నేను చెబుతాను: మైక్రోకొమెడోన్. అంటే కంటికి కనిపించకముందు, గొట్టం లోపల మూత అప్పుడే మొదలైన దశ. అది బయటికి కనిపించే మొటిమగా మారడానికి వారాలు పడుతుంది. ఇవాళ పొద్దున అద్దంలో కనిపించిన కొత్త మొటిమ మందు మొదలుపెట్టకముందే లోపల తయారవుతూ వచ్చిందన్నమాట. మూడు వారాల్లో కొత్తవి లేచాయని మందు పనిచేయట్లేదనుకోవడం అందుకే తొందరపాటు. ఈ మందుల ఫలితం ఎలా ఉందో తేల్చుకోవడానికి 8 నుంచి 12 వారాలు కావాలి. ఇంకో సంగతి కూడా దీన్నుంచే తెలుస్తుంది. అడాపలీన్ పనిచేసేది ఈ మైక్రోకొమెడోన్ మీద. కనిపించే మొటిమ మీద చుక్క పెడితే సరిపోదు, మొటిమలు వచ్చే ప్రాంతమంతా పలచగా రాయాలి.

ఇప్పుడు లోతు సంగతి. మూసుకున్న గొట్టం చుట్టూ ఇన్‌ఫ్లమేషన్ వస్తే పాప్యూల్, అంటే ఎర్రగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పి పెట్టే చిన్న పొక్కు. కొనలో చీము కనిపిస్తే పస్ట్యూల్. చీము కనిపించగానే యాంటీబయాటిక్ మాత్రలు వేయాలని చాలామంది అనుకుంటారు. ఆ చీము ఎక్కువ భాగం మన తెల్ల రక్తకణాలే. మొటిమలో చీము ఉన్నంత మాత్రాన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ పాకుతోందని కాదు. ఇంకా లోతుగా, 5 మిల్లీమీటర్ల కంటే పెద్దగా, వేలితో తడిమితే చర్మం కింద గడ్డలా తగిలి, వారాల తరబడి నొప్పి పెట్టేది నాడ్యూల్. మెత్తగా, లోపల ద్రవం ఉన్నట్టుండే వాటిని సిస్టులంటారు. నెట్‌లో "సిస్టిక్ యాక్నే" అని రాసే వాటిలో చాలావరకు నిజానికి నాడ్యూల్సే. మీ చీటీలో ఈ రెండు మాటలూ లేవు. అంటే మీ అమ్మాయి మొటిమలు పై పొరల్లోనే ఉన్నాయని డాక్టరు చూసి రాశారు. లోతుకు దిగేకొద్దీ గుంటలు పడే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

గ్రేడ్ అంటే ఆ రోజు ముఖం ఎలా ఉందో చెప్పే కొలత. నాలుగు గ్రేడ్ల పద్ధతిలో 1 అంటే ఎక్కువగా కొమెడోన్లే, 2 అంటే కొమెడోన్లతో పాటు పాప్యూల్స్, కొద్దిగా పస్ట్యూల్స్, 3 అంటే పస్ట్యూల్స్ ఎక్కువై నాడ్యూల్స్ కనిపించడం, 4 అంటే నాడ్యూల్స్, సిస్టులు విస్తరించడం. కొందరు డాక్టర్లు మైల్డ్, మోడరేట్, సివియర్ అని రాస్తారు. పద్ధతిని బట్టి అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి, ఇద్దరు డాక్టర్ల చీటీలు పక్కపక్కన పెట్టి గ్రేడ్లు పోల్చకండి.

పీఐహెచ్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు, పిల్లలు అందరికంటే ఎక్కువ బాధపడేది దీని గురించే. పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్‌పిగ్మెంటేషన్, అంటే మొటిమ తగ్గిపోయాక ఆ చోట మెలనిన్ ఎక్కువై మిగిలే గోధుమరంగు లేదా నల్లటి మచ్చ. ఛాయ తక్కువున్న చర్మంలో ఇది ఎక్కువగా, ఎక్కువ కాలం కనిపిస్తుంది. ఎర్రగా లేదా గులాబీరంగులో మిగిలేది పీఐఈ, పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ ఎరిథీమా. అది చిన్న రక్తనాళాల వల్ల వచ్చేది. ఎరిథీమా అంటే ఎరుపు, అంతే. ఈ రెండూ మచ్చలే గానీ స్కార్ కావు. స్కార్ అంటే చర్మం ఆకారమే మారడం. తేడా తెలుసుకోవడానికి కళ్లు మూసుకుని మచ్చ మీద వేలి కొనతో నెమ్మదిగా తడిమి చూడమనండి. చుట్టూ ఉన్న చర్మంతో సమానంగా తగిలితే అది చాలావరకు రంగు మాత్రమే, నెలలు పట్టినా తగ్గుతుంది. గుంటగానో ఎత్తుగానో తగిలితే స్కార్.

గుంట పడే స్కార్లను అట్రోఫిక్ అంటారు. సూదితో పొడిచినట్టు సన్నగా లోతుగా ఉంటే ఐస్‌పిక్, అంచులు నిటారుగా వెడల్పుగా ఉంటే బాక్స్‌కార్, చర్మం అలల్లా ఎత్తుపల్లాలుగా ఉంటే రోలింగ్. ఎత్తుగా పెరిగేవాటిలో గాయం హద్దుల్లోనే ఉండేది హైపర్‌ట్రోఫిక్, హద్దు దాటి పాకేది కీలాయిడ్. వీటికి పూత మందులతో వచ్చే మార్పు తక్కువ. సబ్‌సిషన్, మైక్రోనీడ్లింగ్, లేజర్ లాంటి పద్ధతులు ఉన్నాయి, ఏది వాడాలో స్కార్ రకాన్ని బట్టి ఉంటుంది. మొటిమలు ఇంకా కొత్తగా వస్తున్నప్పుడే వాటి మీద డబ్బు పెట్టమని ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి, ముందు మొటిమలు అదుపులోకి రావాలి. మీ చీటీలో స్కార్ అన్న మాట లేదు, పీఐహెచ్ మాత్రమే ఉంది. అది మంచి కబురు. దాన్ని అలాగే ఉంచాలంటే గిల్లడం ఆగాలి. చదువు టెన్షన్‌లో చెయ్యి తెలియకుండానే ముఖం మీదికి పోతుంది, ఆ అలవాటు ముదిరితే దానికే యాక్నే ఎక్స్‌కోరియే అని వేరే పేరు ఉంది. ఆ పిల్లని తిట్టకండి. మానలేకపోతుంటే డాక్టరుకు ఆ మాటా చెప్పాలి, దానికీ సాయం ఉంది.

మందుల దగ్గరికి వద్దాం. అడాపలీన్ రెటినాయిడ్ల కుటుంబానికి చెందినది, విటమిన్ ఏ లాగా పనిచేస్తుంది. మూత పడకుండా చూస్తుంది, ఇన్‌ఫ్లమేషన్ కూడా తగ్గిస్తుంది. మొదటి కొన్ని వారాల్లో పొడిబారడం, పొట్టు, మంట, కొద్దిగా ఎరుపు రావడం మామూలే. చీటీలో "హెచ్ఎస్" అని ఉంటే పడుకునే ముందు అని, "ఓడీ" అంటే రోజుకోసారి, "బీడీ" అంటే రోజుకు రెండుసార్లు, "ఎల్ఏ" అంటే పైపూత అని. ఇప్పుడు పొట్టు రేగుతోంది కాబట్టి రెండు వారాలపాటు రోజు విడిచి రోజు రాయమనండి. ముఖం కడిగాక తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. ముఖమంతటికీ బఠానీ గింజంత జెల్ చాలు. కళ్ల చుట్టూ, పెదవుల మూలల్లో, ముక్కు పక్క మడతల్లో రాయకూడదు, ముందుగా ఎర్రబడేవి ఆ చోట్లే. జెల్ మీద మామూలు మాయిశ్చరైజర్ రాయొచ్చు, మంట ఎక్కువైతే జెల్‌కు ముందే రాసినా తప్పు లేదు. కనురెప్పలు వాచడం, నీటి పొక్కులు, భరించలేని దురద వస్తే మాత్రం అది మామూలు చిరాకు కాదు, అలర్జీ కావచ్చు. రెండు జెల్లూ ఆపి వెంటనే డాక్టరును కలవండి.

నెట్‌లో "పర్జింగ్" అనే మాట చూసే ఉంటారు. రెటినాయిడ్ మొదలుపెట్టాక లోపల ఉన్న మూతలు త్వరగా బయటపడి, కొన్ని వారాలు మొటిమలు పెరిగినట్టు కనిపించడాన్ని అలా అంటున్నారు. మాయిశ్చరైజర్ మార్చినా, సబ్బు మార్చినా వచ్చిన ప్రతి మొటిమకూ ఇదే పేరు పెడుతున్నారు, అది సరికాదు. కొత్త క్రీము వాడాక ఇంతకుముందు ఎప్పుడూ రాని చోట మొటిమలు వస్తే ఆ క్రీమునే అనుమానించాలి.

బెంజాయిల్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాను చంపుతుంది, దానికి బ్యాక్టీరియా అలవాటుపడి మొండిగా మారదు. క్లిండమైసిన్ యాంటీబయాటిక్, ఒంటరిగా వాడితే రెసిస్టెన్స్ వస్తుంది. అందుకే మీ డాక్టరు రెండూ కలిసిన జెల్ రాశారు, సరైన పని చేశారు. రెసిస్టెన్స్ అంటే బ్యాక్టీరియా ఆ మందుకు లొంగకపోవడం, మన ఒళ్లు మందుకు అలవాటుపడటం కాదు. బెంజాయిల్ పెరాక్సైడ్ 10% దొరుకుతుందని దానికి మారకండి. 2.5%తో వచ్చే ఫలితం దాదాపు అంతే ఉంటుంది, మంట చాలా తక్కువ. ఈ జెల్ తగిలితే రంగు బట్టలు, దిండు గలీబులు, తువ్వాళ్లు వెలిసిపోతాయి, తెల్లవి వాడమనండి.

ఐసోట్రెటినాయిన్ గురించి. ఇది నోటి ద్వారా వేసుకునే రెటినాయిడ్. నాడ్యూల్స్ ఉన్నప్పుడు, స్కార్లు పడుతున్నప్పుడు, మిగతా మందులకు లొంగనప్పుడు ఇస్తారు. పూత మందు ట్రెటినాయిన్, ఈ ఐసోట్రెటినాయిన్ పేర్లు దగ్గరగా ఉండి చాలామంది తడబడతారు, చీటీ చూపించేటప్పుడు జాగ్రత్త. ఇది నూనె గ్రంథినే చిన్నది చేస్తుంది. పెదవులు పగలడం దాదాపు అందరికీ ఉంటుంది, దాన్ని కైలైటిస్ అని రాస్తారు. ఎల్ఎఫ్‌టీ అంటే కాలేయ పరీక్ష, లిపిడ్ ప్రొఫైల్ అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, ఇవి ఈ మందు వాడేవాళ్లకు రాస్తారు. దిగులు, మానసికంగా మార్పు కనిపిస్తే వెంటనే చెప్పాలి. అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఇది టెరాటోజెనిక్, అంటే గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు కలిగిస్తుంది. వాడుతున్నప్పుడు, ఆపాక కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదు. ఒకరికి రాసింది ఇంకొకరు తీసుకోకూడదు. మీ అమ్మాయికి ఇది రాయలేదు, ఇప్పటికి దాని అవసరమూ లేదు. గర్భం వచ్చినా, ప్రయత్నిస్తున్నా పూత రెటినాయిడ్లు కూడా మానేసి డాక్టరును అడగాలి. అప్పుడు అజెలాయిక్ యాసిడ్ లాంటివి వాడతారు.

పీసీఓఎస్ అంటే ఆడవాళ్లలో అండాశయాలకు, హార్మోన్లకు సంబంధించిన సమస్య. ఆ అనుమానం ప్రతి మొటిమకూ అక్కర్లేదు. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీదా పై పెదవి మీదా ముతక వెంట్రుకలు (హిర్సూటిజం అని రాసేది దీన్నే), తలమీద జుట్టు పలచబడటం, దవడ వెంబడి తగ్గని మొటిమలు, ఇలాంటివి ఉంటే చెప్పండి, అప్పుడు హార్మోన్ పరీక్షలు రాస్తారు. ఇవేవీ లేకుండా మొటిమలు మాత్రమే ఉంటే మామూలుగా ఆ పరీక్షలు అవసరం రావు.

మొటిమల్లా కనిపించి మొటిమలు కానివి కొన్నున్నాయి. నుదుటి మీద జుట్టు అంచున, వీపు మీద, అన్నీ ఒకే సైజులో, దురదతో లేస్తే మలసీజియా ఫాలిక్యులైటిస్ అయుండొచ్చు. నెట్‌లో "ఫంగల్ యాక్నే" అనేది దీన్నే. దీంట్లో కొమెడోన్లు ఉండవు. రోజేషియాలో కూడా ఉండవు, అది ఎక్కువగా నడివయసులో, ముఖం మధ్యభాగం ఎరుపుతో వస్తుంది. మీ చీటీలో కొమెడోన్స్ అని మొదటే రాయడం వల్ల ఈ రెండు అనుమానాలూ పక్కకు పోయినట్టే.

ఇంట్లో ఉన్న పాత ట్యూబులన్నీ ఒకసారి బయటికి తీసి పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూఓసినోలోన్, ఇవన్నీ స్టెరాయిడ్లు. వీటిలో ఏది ఉన్నా మొటిమల మీద రాయకూడదు. ముఖం తెల్లబడుతుందనో, మచ్చలు పోతాయనో ఎవరో ఇచ్చిన క్రీముల్లో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌తో కలిపి ఇవి ఉంటాయి. ఆ కలయిక మంగు మచ్చలకు, అంటే మెలాస్మాకు, డాక్టరు కనిపెడుతూ కొద్ది వారాలు ఇచ్చేది. మొటిమల మీద రాస్తే మొదటి వారం చర్మం అద్దంలా అవుతుంది. తర్వాత పలచబడి, సన్నటి రక్తనాళాలు బయటికి కనిపిస్తూ, ఎండలోకి వెళ్తే మండుతూ, ఒకేలాంటి పొక్కులు ఒకేసారి లేస్తాయి. ఆపితే ఇంకా ఎక్కువవుతాయని భయపడి మళ్లీ అదే రాస్తారు. ఆ స్థితిలో వచ్చిన పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది, మొదటి వారంలోనే ట్యూబు మీది పేరు ఎవరైనా చదివి ఉంటే సరిపోయేది. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టరును కలవాలి.

కొనేవాటి మీద రాతలకు తక్కువ విలువ ఇవ్వండి. "నాన్ కొమెడోజెనిక్" అంటే మూతలు కలిగించదని. అది పనికొచ్చే సూచనే గానీ, అందరూ ఒప్పుకున్న ఒకే పరీక్ష ఏదీ దాని వెనక లేదు. "హైపోఅలర్జెనిక్", "డెర్మటాలజిస్ట్ టెస్టెడ్" మాటలు ఇంకా వదులైనవి. సన్‌స్క్రీన్ మీద ఉండే ఎస్‌పీఎఫ్ ఎండలోని యూవీబీ కిరణాల నుంచి రక్షణను కొలుస్తుంది, 30 ఉంటే సుమారు 97% అడ్డుకుంటుంది. పీఏ పక్కన ప్లస్ గుర్తులు ఎండలోని ఇంకో రకం కిరణాలైన యూవీఏ గురించి. పీఐహెచ్ త్వరగా తగ్గాలంటే పగలు సన్‌స్క్రీన్ తప్పదు, పైగా అడాపలీన్ వాడేటప్పుడు చర్మం ఎండకు త్వరగా కందుతుంది.

నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో రెండు చెంపలూ నుదురూ ఫొటో తీసి పెట్టుకోండి, రోజూ అద్దం చూసుకుంటే మార్పు తెలియదు. మధ్యలో చర్మం కింద నొప్పి గడ్డలు మొదలైతే, కొత్తగా గుంటలు పడుతుంటే ముందే కలవండి. జ్వరం, కీళ్లనొప్పులతో ఒక్కసారిగా పుండ్లలా లేస్తే ఆ రోజే వెళ్లాలి, అది యాక్నే ఫుల్మినాన్స్ అనే అరుదైన రకం కావచ్చు. ఇవేవీ లేకపోతే 12వ వారంలో వెళ్లినప్పుడు రెండు సంగతులు అడగండి: క్లిండమైసిన్ ఉన్న జెల్ ఇక ఆపేసి బెంజాయిల్ పెరాక్సైడ్ ఒక్కటే ఉంచవచ్చా, అడాపలీన్‌ను మొటిమలు తగ్గాక కూడా మెయింటెనెన్స్‌గా ఎన్ని నెలలు, వారానికి ఎన్ని రాత్రులు రాయాలి.